కంచు తాళాలు, వెండి ఫ్యూజు

ఈమధ్య ఫోనులో ఒక గొడవ చదివాను. ఇంట్లో పాటలు వినే సెట్టుకు ఖరీదైన ఫ్యూజు వేస్తే పాట మెరుగవుతుందా, అవదా అని. వేయగానే పాడే మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నట్టుంది అన్నాడు ఒకాయన. ముందు నీ చెవులు చూపించుకో అన్నాడు ఇంకొకాయన. ఆ మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. జవాబు రాయబోయి చెరిపేశాను. మళ్లీ రాశాను, మళ్లీ చెరిపేశాను. నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. చేతిలో ఫోను ఉంటే అది రెట్టింపవుతుందని కూడా తెలుసు. ఆ రోజు మాత్రం నాకు కోపం రాలేదు.

ఎందుకంటే అదే మాట ఒకసారి నేను మా బాపుతో అన్నాను. మా దుకాణంలో, పదిమంది ముందు.

డెబ్బైల చివర్లో మాది వరంగల్ చౌరస్తా దగ్గర వెండి దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. నేను పుట్టింది ఆ ఇంట్లోనే కానీ పెరిగింది హైదరాబాదులో, మేనమామ దగ్గర. చదువు కోసం చిన్నప్పుడే పంపించి, డిగ్రీ అయిపోగానే ఇరవై ఒకటో ఏట వెనక్కి పిలిపించారు. పెద్ద ఊరి నుంచి వచ్చానన్న పొగరు ఒకటి నాకు బాగా ఉండేది. ఇక్కడ బస్సు ఆలస్యంగా వస్తే కోపం, చాయ్‌లో చక్కెర ఎక్కువైతే కోపం, కరెంటు పోతే కోపం. దుకాణంలో నాకు నచ్చిన వస్తువు ఒక్కటే, టెలిఫోను. నల్లగా, బరువుగా ఉండేది. పొద్దున్నే ట్రంకు కాల్ బుక్ చేసి హైదరాబాదు నుంచి ఆ రోజు వెండి ధర కనుక్కోవడం నా పని. ధర తెలుసుకున్నాక కూడా నేను రిసీవరు పెట్టేసేవాణ్ని కాదు. దోస్తులతో, మేనమామ కొడుకులతో, ఆఖరికి ఎక్స్ఛేంజిలో ఉండే మనుషులతో కూడా మాట్లాడుతూ కూర్చునేవాణ్ని.

"వీనికి చెవి ఒక్కటే. రెండోది టెలిఫోనోళ్లకు ఇచ్చిండు," అనేవాడు బాపు వచ్చిన వాళ్లతో. వాళ్లు నవ్వేవాళ్లు. నేను చురచుర చూసేవాణ్ని.

బాపు పని మాత్రం రెండు చెవులతోనూ వినడం. ఆయన ముందు ఒక నల్లరాతి పలక ఉండేది. ఎవరైనా పాత వెండి రూపాయలు అమ్మడానికి తెస్తే ఒక్కొక్కటే రెండు వేళ్లతో పట్టుకుని జానెడు ఎత్తు నుంచి ఆ పలక మీద వదిలేవాడు. మంచి వెండి అయితే గంట కొట్టినట్టు మోగి, ఆ మోత సన్నగా సాగుతూ పోతుంది. సీసమో తగరమో కలిసి ఉంటే టప్పుమని అక్కడికక్కడే ఆగిపోతుంది. బజారులో మిగతా దుకాణాల్లో రూపాయి మీద తేజాబు, అంటే యాసిడ్, ఒక చుక్క వేసి చూసేవాళ్లు. ఆ ఘాటుకు వెండి మీద మచ్చ పడేది. "నమ్మి తెచ్చినోళ్ల సొమ్ము మీద మచ్చ పెడ్తమా?" అనేవాడు బాపు. మా దుకాణంలో తేజాబు సీసా అన్నదే లేదు. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు మిగతా దుకాణాలన్నీ దాటుకుని మా మెట్లెక్కడానికి అదే కారణం. పక్క దుకాణాల వాళ్లు కూడా ఏ రూపాయి మీదైనా అనుమానం వస్తే తెచ్చి బాపు ముందు పెట్టేవాళ్లు. ఆయన మంచిదంటే మంచిదే, కాదంటే కాదు. మా బతుకంతా ఆ చెవి మీదే నడిచింది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ చెవే పోతోందని మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తెలిసి ఉండాల్సిన మొదటివాణ్ని నేనే.

బాపుకున్న ఒకే ఒక్క షోకు పైన ముందు గదిలో ఉండేది. రికార్డు ప్లేయరు, ఆంప్లిఫయరు, టేకు చెక్కతో చేయించిన రెండు స్పీకరు డబ్బాలు. తెల్లారి స్నానం చేసి, దుకాణం తీసేముందు అరగంట సేపు ఒకే భజన రికార్డు వినేవాడు. పాట కోసం కాదు, అందులో మోగే కంచు తాళాల కోసం. "ఆ కంచు పోతపోసినోడు ఎవడో గని, తగరం ఎంత కలపాల్నో అంతే కలిపిండురా," అనేవాడు. తాళం పడ్డప్పుడల్లా కుర్చీ చెయ్యి మీద చూపుడువేలు ఆనించేవాడు. అన్నేళ్లుగా ఆ రికార్డు అరిగీ అరిగీ బూడిద రంగుకు వచ్చింది.

ఒక పొద్దున అదే రికార్డు వింటూ వింటూ లేచి, సెట్టు దగ్గరికి పోయి వంగి నిలబడ్డాడు.

"తాళాలు వస్తలేవురా."

నేను మెట్ల మీద ఆగాను. నాకు వినపడుతున్నాయి. కానీ నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. వెండిలో వీసమెత్తు తేడా పట్టే మనిషి తాళాలు రావట్లేదంటే నా చెవిని నమ్మాలా, ఆయన చెవినా? ఇంకోసారి విన్నాను. ఆయన అన్నాక నాకూ అవి కొంచెం మసకబారినట్టే అనిపించాయి. నిజంగానే అనిపించాయి. ఒకరు చెప్పాక వినడం వేరేగా ఉంటుందని అప్పటికి నాకు తెలియదు.

"పాటొస్తాంది, మద్దెల వస్తాంది. తాళాలే పోయినయ్. సెట్టు ఖరాబైంది," అన్నాడు.

సెట్టును రిక్షాలో వేసుకుని హనుమకొండ పోయాను. సుబేదారి వైపు పోయే దారిలో ఒక రేడియో మెకానిక్కు ఉండేవాడు. పెద్దాయన, అద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని పని చేసేవాడు. సూది మార్చాడు. అయినా తాళాలు రావట్లేదన్నాడు బాపు. మళ్లీ తీసుకుపోతే ఆంప్లిఫయరు విప్పి దుమ్మంతా దులిపాడు. మూడోసారి నేను మెట్లెక్కుతుంటేనే చేతులెత్తి దండం పెట్టాడు.

"చిన్నసేటూ, ఈ సెట్టుకు ఏం రోగం లేదు. నేను సొంతంగ ఇన్న. తాళాలు టంగుటంగుమని వస్తానయ్."

"మా బాపుకు వస్తలేవు."

ఆయన అద్దాలు కిందికి దించుకుని నా మొహంలోకి చూశాడు. "అయితే ఒక్క మాట చెప్త, కోపం చెయ్యకు. సెట్టును కాదు, ఇనేటాయనను జర దవాఖానల సూపియ్యిండ్రి."

నాకు ఎక్కడ లేని కోపమొచ్చింది. "మా బాపు చెవి మీద బజారంత నడుస్తది తెలుసా? పని రాకుంటే రాదని చెప్పు, మా ఇంటోళ్ల మీద పడకు!" అని అరిచి, సెట్టు ఎత్తుకుని వచ్చేశాను. వచ్చే దారంతా ఆ మాట నెమరేసి తిట్టుకున్నాను. నమ్మాలేమో అన్న ఆలోచన మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

ఇంట్లో ఇంకో సంగతి కూడా జరుగుతూ ఉండేది. అమ్మ బాపును ముందు గదిలో కూర్చోబెట్టి, కుక్కరు మూడు కూతలు కూయగానే పొయ్యి ఆపమని చెప్పి కింది వాకిట్లోకి పోయేది. తిరిగొచ్చేసరికి అది ఏడు కూతలు కూసి ఉండేది, అన్నం గుజ్జుగుజ్జుగా ఉండేది. "మీ బాపుకు ఇంటి మీద సోయి లేదు. దుకాణం మీద ఉన్న ధ్యానం పొయ్యి మీదుంటదా?" అని వడ్డిస్తూ సణిగేది. బాపు తల వంచుకుని తినేవాడు. మా మాటలు ఆయనకు వినపడేవి. రైలు కూత వినపడేది, తలుపు చప్పుడు వినపడేది. సన్నటి చప్పుళ్లు మాత్రమే ఒక్కొక్కటే ఆయన్ను వదిలిపోతున్నాయి. అటువంటిది ఉంటుందని మాకెవరికీ తెలియదు. చెవుడు అంటే ఏమీ వినపడకపోవడం అనుకునేవాళ్లం.

సెట్టు సంగతి నేను ఫోనులో పడేశాను. హైదరాబాదులో సెట్లు అమ్మే ఒక దుకాణానికి ట్రంకు కాల్ చేసి, పాట మసకగా వస్తోందని చెప్పాను.

"ఫ్యూజు ఏది వేశారు?" అన్నాడు అవతలి మనిషి.

"సెట్టుతో వచ్చిందే. గాజుది."

"అదే మరి. కరెంటు మొత్తం ఆ వెంట్రుకంత తీగలోంచే కదండీ పోవాలి. తీగ మంచిది కాకపోతే సౌండు మంచిగా ఎట్ల వస్తది? ఫారిన్ ఫ్యూజులున్నాయి, వెండివి. వేసి చూడండి, తెర తీసినట్టుంటది."

రిసీవరు పెట్టకుండానే బాపుకు అరిచి చెప్పాను. బాపు పలక మీద చెయ్యి ఆనించి కొంచెంసేపు ఆలోచించాడు. ఆయన మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగు కనిపించింది.

"వెండా? అగో, మరి గదీ మాటంటే. కరెంటును వెండి మోసినట్టు ఇంకేదీ మొయ్యదు. ఫారిన్‌ది ఎందుకురా? మన ఇంట్ల వెండి లేదా?"

ఇంకో ఇంట్లో అయితే ఇంత తేలికగా నమ్మేవాళ్లు కాదేమో. మేం వెండి మనుషులం. గొంతు బొంగురుపోతే వెండి గ్లాసులో నీళ్లు తాగమనే ఇల్లు మాది. పాట మసకబారితే వెండి బాగు చేస్తుందంటే మాకది వింతగా అనిపించలేదు. పైగా మంచి వెండి మంచిగా మోగుతుంది. మోగే లోహంలోంచి వచ్చే పాట మోగకుండా ఎట్లా ఉంటుంది? బాపు తన దగ్గరున్న వెండిలో అన్నిటికంటే మేలైన ముక్క ఏరి ఇచ్చాడు. మాకు పనిచేసే కంసాలి దాన్ని కరిగించి, రంధ్రాల పలకలోంచి లాగి లాగి దారం కంటే సన్నగా తీశాడు. ఎక్కడిదో మాడిపోయిన గాజు ఫ్యూజు ఒకటి తెచ్చి, దాని రెండు చివర్ల టోపీలు ఊడదీసి, తీగను లోపలికి గుచ్చి, అతికించాడు. గాజు గొట్టంలో ఆ తీగ మెరుస్తుంటే అమ్మ కూడా వచ్చి చూసింది.

మర్నాడు పొద్దున నేనే ఫ్యూజు వేసి రికార్డు పెట్టాను. మొదటి తాళం పడింది. ఒట్టేసి చెబుతున్నాను, అంత తేటగా నేనెప్పుడూ వినలేదు. బాపు కుర్చీలో కూర్చుని, ఎడమ చెయ్యి చాచి స్పీకరు డబ్బా మీద పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. రెండో తాళానికి ఆయన కుడి చూపుడువేలు కుర్చీ చెయ్యి మీద పడింది. మూడో తాళానికి కూడా. ఒక్కటి కూడా తప్పలేదు.

"వస్తానయా బాపూ?"

ఆయన కళ్లు తెరిచి నా నోటి వైపు చూశాడు. "ఆఁ. వస్తానయ్. మస్తుగ వస్తానయ్."

వంటింట్లోంచి అమ్మ, "నాకైతే నిన్న ఎట్లున్నదో గట్లనే ఉన్నది," అంది.

"నీకేం తెలుసమ్మా, నువ్వు పప్పు రుబ్బుకో పో!" అన్నాను.

ఆ గెలుపు నాలో దాచుకోలేకపోయాను. మళ్లీ మెకానిక్కు దగ్గరికి పోయాను. వెండి ఫ్యూజు విప్పి జేబులో వేసుకుని, రికార్డు చంకలో పెట్టుకుని పోయాను. నువ్వు రోగం లేదన్న సెట్టు వెండి తీగతో బాగైంది చూడు అన్నాను. ఆయనేం వాదించలేదు. తన సొంత సెట్టు ముందుకు లాగి, నన్ను గోడ వైపు తిరిగి నిలబడమన్నాడు.

"ఒకసారి నీ వెండిది ఏస్త, ఒకసారి నా మామూలుది ఏస్త. ఏది ఎప్పుడు ఏసిన్నో నువ్వు చెప్పాలె. గంతే."

దుకాణంలో ఉన్న నలుగురు చాయ్ గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరారు. ఐదుసార్లు మార్చాడు. మొదటిసారే నేను "ఇది వెండిది, తెలుస్తలేదా, తెర తీసినట్టున్నది," అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. రెండోసారి, మూడోసారి చెప్పాక నాకు చెమట పట్టింది. ఆఖర్న వెనక్కి తిరిగితే ఆయన రెండు ఫ్యూజులూ అరచేతిలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఐదింటిలో మూడు తప్పు చెప్పాను. తెర తీసినట్టున్నది అన్నప్పుడు వేసింది ఆయన పావలా ఫ్యూజు.

"పరేషాన్ గాకు చిన్నసేటు," అన్నాడు మెల్లగా. "ఫ్యూజు పాట పాడది. ఆపతి వస్తే అది కాలిపోయి సెట్టును కాపాడ్తది. దాని పని గంతే."

ఫ్యూజు, రికార్డు తీసుకుని బయటికొచ్చాను. ఇంటికొచ్చి వెండి ఫ్యూజు మళ్లీ దాని చోట్లో పెట్టేశాను. బాపుకు చెప్పలేదు. చెబితే ఆయన సంతోషం పోతుందని అనుకున్నాను. అసలు కారణం, నేను ఓడిపోయానని చెప్పడం నాకిష్టం లేదు. ఇంకా ఒక్క అడుగు ముందుకు ఆలోచించి ఉంటే చాలు. ఫ్యూజులో ఏమీ లేనప్పుడు ఆయనకు తాళాలు ఎట్లా తిరిగొచ్చాయి? ఆ ప్రశ్న నాకు రాలేదు. నేను ఆయనకు ఒకటి దాచాను, ఆయన నాకు ఒకటి దాచాడు. ఆయనకు తాళాలు వినపడలేదు, మద్దెల దరువు చెయ్యికి తగులుతుంటే తాళం ఎక్కడ పడాలో కంఠతా వచ్చు కాబట్టి అక్కడ వేలు వేశాడు. రోజూ పొద్దున మేమిద్దరం ఒకే గదిలో కూర్చుని, తాళాలు మస్తుగా వస్తున్నాయని ఒకరికొకరం చెప్పుకున్నాం.

ఎండలు ముదిరాక ఒక పొద్దున నెక్కొండ దిక్కు నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో. పొద్దుటి రైలు దిగి స్టేషన్ నుంచి నడిచి వచ్చినట్టుంది, చీర అంచంతా దుమ్ము. భర్త పెద్ద దవాఖానలో ఉన్నాడని, మర్నాడు ఆపరేషన్ అని చెప్పి కొంగు ముడి విప్పింది. పదకొండు పాత వెండి రూపాయలు.

"మా అవ్వయి సేటూ. సచ్చిపొయ్యేముంగట నా చేతుల పెట్టింది. ఎన్నడు తియ్యలే."

దుకాణంలో ఇంకో ముగ్గురు నలుగురున్నారు. పక్క దుకాణం ఆయన కూడా ఏదో పని మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను రిసీవరు చెవికి పెట్టుకుని ధర కోసం ఎదురు చూస్తున్నాను. బాపు మొదటి రూపాయి తీసి పలక మీద వదిలాడు. ఖంగుమంది. నా రెండో చెవికి ఆ మోత స్పష్టంగా తగిలింది. సన్నగా సాగి, గల్లపెట్టె దాకా పోయి ఆగింది.

బాపు దాన్ని పక్కన పెట్టాడు. రెండోది వదిలాడు. అదీ పక్కనే పెట్టాడు. నాలుగోదానికి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇందుల కల్తీ ఉన్నదమ్మా. మోగుతలేవు."

ఆమె అర్థం కానట్టు చూసింది. "మా అవ్వయి సేటూ."

"అవ్వయైతే ఏంది బిడ్డా, వెండి కావద్దా? ఇవి నేను తీస్కోను."

గుమ్మంలో ఉన్నాయన చప్పరించాడు. ఎవరో, "ఈ నడుమ ఊళ్లపొంటి ఖోటా రూపాయలు బాగ తిరుగుతానయ్," అన్నారు. ఆమె మొహం నల్లబడిపోయింది. "నేను దొంగదాన్ని కాదు సేటూ. ఇంకొక్కసారి సూడు. నీ కాళ్లు మొక్కుత, ఇంకొక్కసారి ఎయ్యి."

బాపు ఇంకొక్కసారి వేశాడు. ఆ రూపాయి మోగిన మోత నాకు ఇప్పటికీ గుర్తుంది. బాపు పలక మీదికి వంగి, మెడ పక్కకు తిప్పి, చెవి దాదాపు రాతికి ఆనించి విన్నాడు. మెల్లగా తల ఎత్తాడు.

"లేదు బిడ్డా."

నాకు అప్పుడు అన్నీ ఒక్కసారే తెలిశాయి. తాళాలు, కుక్కరు కూతలు, మెకానిక్కు మాట, మాట్లాడినప్పుడల్లా నా నోటి వైపే చూసే ఆయన చూపు. తెలిసినప్పుడు మనిషి మెత్తబడాలి. నేను మెత్తబడలేదు. ఇన్నాళ్లు తిరిగిన తిరుగుడు, మెకానిక్కు దుకాణంలో నా మీద నవ్విన నవ్వులు, ఆమె ఏడుపు, అన్నీ కలిసి కోపంగానే పైకి వచ్చాయి. చేతిలో రిసీవరు విసిరికొట్టాను.

"మోగుతాంది బాపూ! మంచిగ మోగుతాంది, బజారంత ఇనవడ్తాంది! నీకే ఇనవడ్తలేదు. ఆమెను దొంగను చేస్తానవ్? పోయి ముందు నీ చెవులు సూపిచ్చుకో పో!"

ఊగుతున్న రిసీవరులోంచి ఎవరిదో గొంతు, "హలో, హలో," అంటోంది.

బాపు నన్ను చూడలేదు. పలక మీదున్న రూపాయి తీసి బొటనవేలి గోటి మీద నిలబెట్టి, చూపుడువేలి గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. అట్లా నాలుగైదుసార్లు విన్నాడు. చివరికి పదకొండు రూపాయలూ తనే ఏరి, ఆమె ముందుకు జరిగి చేతులు జోడించాడు.

"తప్పు నాదే తల్లీ. నీ అవ్వ సొమ్ము మంచిదే. నా చెవే ఖోటాది."

ఆ రోజు ధరకు ఆమె వెండి తీసుకున్నాం. ఆమె పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి నా వైపు తిరిగింది. నన్ను మెచ్చుకుంటుందేమో అనుకున్నాను.

"తండ్రిని గట్ల అంటరా అయ్యా?" అని మెట్లు దిగిపోయింది.

సాయంత్రానికే బజారంతా తెలిసింది. గుమ్మంలో నిలబడ్డాయన ఊరికే ఉంటాడా? అయినా చాటింపు వేసింది నేను, ఆయన మోశాడంతే. ఆ ఒక్క మాట నేను లోపలికి తీసుకుపోయి చెప్పి ఉండొచ్చు. నేనొకసారి వింటా ఇయ్యి బాపూ అని రూపాయి చేతిలోకి తీసుకుని ఉండొచ్చు. ఆమెకూ మచ్చ ఉండేది కాదు, ఆయనకూ ఉండేది కాదు. ఇది ఎన్ని వేలసార్లు అనుకున్నానో. ఇంకోటి కూడా ఉంది. ఆ రోజుకు రెండు మూడు నెలల ముందు నుంచి బాపు వద్దన్న రూపాయలు చాలానే ఉన్నాయి. అనుమానం వచ్చినప్పుడల్లా వెనక్కి పంపేవాడు. ఎంతమంది మంచి వెండి పట్టుకొచ్చి, దొంగల్లా తల వంచుకుని మా మెట్లు దిగిపోయారో మాకు తెలియదు. వాళ్ల ఊర్లు కూడా మేం అడగలేదు. బాపును అన్నిటికంటే ఎక్కువగా తిన్నది ఆ సంగతే. అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి, "ఆ మొన్న వచ్చిన ముసలాయన," అని ఆగిపోయేవాడు.

చెవుల డాక్టరు లోపలి నరం బలహీనపడిందన్నాడు. మందులేదన్నాడు. అప్పటి చెవి మిషను జేబులో పెట్టుకునే డబ్బా, దాన్నుంచి చెవిలోకి ఒక తీగ. అది పెట్టుకుని బాపు పలక మీద రూపాయి వేసి విన్నాడు. "అన్ని రేకు డబ్బ సప్పుడే," అని తీసి పెట్టేశాడు. మళ్లీ పెట్టుకోలేదు. ఆ నెలలోనే మా దుకాణంలోకి తేజాబు సీసా వచ్చింది. నా చెవి మీద బజారుకు నమ్మకం లేక నేనే తెచ్చాను. మొదటి చుక్క పడి రూపాయి మీద మచ్చ తేలినప్పుడు బాపు లేచి పైకి వెళ్లిపోయాడు.

తర్వాత రాతి పలక ముందు నేను కూర్చున్నాను. ఆయన పక్కన కూర్చునేవాడు. తేజాబు వేసే ముందు నేను పలక మీద రూపాయి వేస్తే దాని వైపు చూసేవాడు కాదు, నా మొహం చూసేవాడు. అది మోగిందో లేదో నా మొహంలో వెతుక్కునేవాడు. ఆ చూపు ముందు నాకు మొహం ఎట్లా పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆ గొడవ గురించి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. క్షమించమని అడగడానికి కూడా గట్టిగా అరవాలి. ఇంట్లో అందరూ వినేట్టు అరిచి ఎట్లా అడుగుతాం?

పైనున్న సెట్టు మీద అమ్మ గుడ్డ కప్పింది. ఎనభైలు సగం దాటేదాకా అది అట్లాగే ఉంది.

ఒక ఆదివారం పొద్దున నేను ఫోనులో మాట్లాడుతుంటే అమ్మ కిందికి వచ్చి, "మీ బాపు సెట్టు పెట్టుకున్నడు, పోయి సూడు," అంది. గొంతులో ఏదో తేడా ఉంది. పైకి పోయాను. గుడ్డ తీసేసి ఉంది. రికార్డు తిరుగుతోంది. బాపు కుర్చీలో కూర్చుని, ఎడమ చెయ్యి స్పీకరు డబ్బా మీద పెట్టి ఉన్నాడు. గదిలో పాట లేదు. రికార్డు మీద సూది గీసుకుపోతున్న సన్నటి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆంప్లిఫయరు మీది ఎర్ర దీపం వెలగట్లేదు.

ఆయన నా వైపు తిరిగాడు.

"తాళాలు వస్తానయారా?"

నేను దగ్గరికి పోయి, ఆయనకు తెలిసేట్టు పెదాలు కదిపి చెప్పాను. "వస్తానయ్ బాపూ. మస్తుగ వస్తానయ్."

ఆయన నా మొహం చూస్తూనే ఉన్నాడు. చాలా రోజుల తర్వాత కొంచెం నవ్వాడు.

"అబద్ధం నీకు సరిగ్గ రాదురా. డబ్బ వణుకుతలేదు. చెయ్యికి తెలుస్తది నాకు. ఫ్యూజు వొయ్యినట్టుంది, పోయి సూడు."

ఆంప్లిఫయరు వెనక ఫ్యూజు మూత తిప్పి తీశాను. గాజు గొట్టం లోపల నల్లగా మసి. వెండి తీగ కరిగి రెండు చివరలా రెండు చుక్కలైంది. అన్నేళ్ల తర్వాత ఒక్క దెబ్బ కరెంటుకు తను కాలిపోయి సెట్టును ఉంచింది. మెకానిక్కు చెప్పింది నిజం, దాని పని అంతే. బజారుకు పోయి మామూలు ఫ్యూజు తెచ్చి వేశాను. దీపం వెలిగింది.

"ఏం తీగె?" అన్నాడు బాపు.

"మామూలుదే బాపూ."

"సాలు."

సూది మొదట్లో పెట్టాను. పాట గదంతా నిండింది. అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. బాపు చెయ్యి డబ్బా మీద ఉంది, మద్దెల దరువు ఆయన వేళ్లకు అందుతున్నట్టుంది. తాళాలు మాత్రం చెయ్యికి అందేవి కావు. నేను కింద కూర్చుని ఆయన కుడి చెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను. మొదటి తాళం పడగానే మణికట్టు మీద వేలితో కొట్టాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. రెండో తాళానికి కొట్టాను. కింద దుకాణంలో ఫోను మోగడం మొదలైంది. లేవలేదు, కానీ చెవి అటు పోయింది. మూడో తాళం పడ్డాక క్షణం ఆలస్యంగా వేలు వేశాను.

బాపు కళ్లు తెరవకుండానే తల అడ్డంగా ఊపాడు.